అంత డబ్బున్న జట్టు తన మంచి ఆటగాణ్ణి ఎందుకు వదులుకుంది? అమెరికా ఫుట్‌బాల్‌లో జీతాల లెక్క

2025 ఆగస్టు 29 తెల్లవారుజామున, మా బరంపురంలో ఇంకా పాలవాళ్ళు కూడా రాని వేళ, అమెరికాలో ఫ్రిస్కోలో ఉండే మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. వాళ్ళకి అప్పుడు ముందురోజు సాయంత్రం. వెనకాల ఏడుపు వినిపిస్తోంది, ఎవరికి ఏమైందోనని గుండె ఆగినంత పనైంది. ఏడుస్తున్నది వాడి తొమ్మిదేళ్ళ కొడుకు. డల్లాస్ కౌబాయ్స్ జట్టు ఆ రోజు మైకా పార్సన్స్‌ని గ్రీన్ బే ప్యాకర్స్‌కి ఇచ్చేసింది, పిల్లాడు పార్సన్స్ 11 నంబరు చొక్కా వేసుకుని విప్పనంటున్నాడు.

"అన్నయ్యా, ఫోర్బ్స్ వాళ్ళ లెక్కలో ప్రపంచంలోకెల్లా ఖరీదైన జట్టు ఇది. డబ్బు లేక వదిలేశారంటే ఎలా నమ్మేది? నువ్వు లెక్కలు రాసేవాడివి కదా, ఏటిది?" అన్నాడు.

నేను ఇక్కడ పట్టుచీరల వ్యాపారుల ఖాతాలు రాస్తాను. ఆ ఆట నాలుగేళ్ళుగా వాడివల్లే చూస్తున్నాను. వాడికి ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పింది, తర్వాత ఇక్కడ నా స్నేహితులూ అడిగారు, వాళ్ళకి చెప్పింది అంతా ఒకచోట పెడదామని ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఈ విషయంలో జనానికి ఉన్న అయోమయం అంతా ఒక్కచోటే ఉంది. ఖరీదైన కాంట్రాక్టు జట్టు డబ్బుని తినేస్తుందనుకుంటాం. అది తినేది డబ్బుని కాదు, చోటుని.

## ఇది ఏ ఫుట్‌బాల్?

భువనేశ్వర్ కళింగ స్టేడియంలో మనం చూసే ఫుట్‌బాల్ కాదు. ఇది కోడిగుడ్డు ఆకారం బంతితో, హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికా ఫుట్‌బాల్. ఆ లీగ్ పేరు ఎన్‌ఎఫ్‌ఎల్, అందులో 32 జట్లు, సీజన్ నడిచేటప్పుడు ఒక్కో జట్టు ప్రధాన జాబితాలో 53 మంది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ అందరికంటే ముఖ్యం, అందరికంటే ఖరీదు కూడా. పార్సన్స్ పని దానికి పూర్తిగా ఎదురు, అవతలి జట్టు క్వార్టర్‌బ్యాక్ మీద పడి వాణ్ణి బంతి విసరనివ్వకుండా చేయడం. ఆ పనిలో దేశంలో అతనికి సాటి వచ్చేవాళ్ళు చాలా తక్కువమంది.

## క్యాప్ అంటే: ఐపీఎల్ పర్సు తెలిసినవాళ్ళకి సగం తెలిసినట్టే

మా వైపు, అంటే బరంపురం నుంచి ఇచ్ఛాపురం, శ్రీకాకుళం దాకా, తెలుగు ఇళ్ళలో సన్‌రైజర్స్ అభిమానులు ఎక్కువ. కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను. 2025 వేలానికి ముందు ఐపీఎల్ ప్రతి జట్టుకీ 120 కోట్ల పర్సు ఇచ్చింది. సన్‌రైజర్స్ ఏం చేసింది? క్లాసెన్‌కి 23 కోట్లు, కమిన్స్‌కి 18, అభిషేక్ శర్మకి 14, ట్రావిస్ హెడ్‌కి 14, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి 6. ఐదుగురికి 75 కోట్లు. మిగిలిన 45 కోట్లతో వేలానికి వెళ్ళి ఇషాన్ కిషన్‌ని 11.25కి, షమీని 10కి, హర్షల్ పటేల్‌ని 8కి కొన్నారు. ఇక 15 కోట్ల చిల్లర మిగిలింది, మిగతా జట్టంతా అందులోంచే రావాలి. యజమాని దగ్గర ఇంకో వెయ్యి కోట్లు ఉన్నా ఆ చిల్లరకి ఒక్క రూపాయి కలపడానికి వీల్లేదు. ముందు ఏడాది ఫైనల్ ఆడిన జట్టు ఆ ఏడాది ఆరో స్థానంలో ఆగింది. పర్సు వల్లే అలా జరిగిందని అనను, ఫామ్ ఉంటుంది, గాయాలు ఉంటాయి. కానీ మొదటి వరుస ఆడనిరోజు ఆదుకోవడానికి వెనక బలం కొనే చోటు వాళ్ళకి పెద్దగా లేదన్నది మాత్రం లెక్కలో కనిపిస్తుంది.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో శాలరీ క్యాప్, అంటే ఒక్కో జట్టు ఏడాది జీతాల పరిమితి, కూడా ఇలాంటిదే. 1994లో 3.46 కోట్ల డాలర్లతో మొదలైంది, 2025కి 27.92 కోట్ల డాలర్లకి చేరింది. మన డబ్బుల్లో 2,400 కోట్ల పైమాటే. లీగ్ ఆదాయంలో ఆటగాళ్ళకి దాదాపు సగం వాటా అని ఆటగాళ్ళ సంఘంతో ఒప్పందం ఉంది, ఆ వాటాని 32తో భాగించి ఈ పరిమితి కడతారు. కౌబాయ్స్‌కీ అంతే, చిన్న ఊరి జట్టు గ్రీన్ బేకీ అంతే. జరిమానా కట్టి దాటిపోయే వీలు కూడా లేదు. ఒక ఏడాది వాడకుండా మిగిల్చుకున్నది మాత్రం వచ్చే ఏడాదికి తీసుకెళ్ళొచ్చు.

అందుకే ఓనర్ ఎంత ధనవంతుడన్న ప్రశ్నకి ఇక్కడ పెద్దగా బలం లేదు. కౌబాయ్స్ ఓనర్ జెర్రీ జోన్స్ జేబులో ఎంత ఉన్నా డల్లాస్‌కి దొరికే పళ్ళెం అందరి పళ్ళెమంతే ఉంటుంది.

## వంద రూపాయల్లో 53 మందిని సర్దడం

పెద్ద అంకెలు పక్కన పెట్టి క్యాప్ మొత్తం వంద రూపాయలనుకుందాం. ఇందులో 53 మందికి సర్దాలి.

క్వార్టర్‌బ్యాక్‌కి 20 రూపాయలు ఇచ్చాం. ఇంకో నలుగురు పెద్ద ఆటగాళ్ళకి తలా పది, అంటే 40. ఐదుగురికే 60 పోయింది. మిగిలింది 40, మనుషులు 48 మంది. వీళ్ళలో పాతికమందిని లీగ్ పెట్టిన కనీస జీతం మీద తీసుకున్నామనుకోండి. 2025లో కొత్త కుర్రాడి కనీస జీతం 8.4 లక్షల డాలర్లు, మన వందలో అది 30 పైసలు. పాతికమందికి ఏడున్నర రూపాయలు. ఇక 32.50 ఉంది, 23 మంది ఉన్నారు, తలకి రూపాయి 41 పైసలు.

ఇప్పుడు అదే జట్టులో క్వార్టర్‌బ్యాక్ 20 కాకుండా 3 రూపాయలకే దొరికాడనుకోండి. 17 రూపాయలు మిగిలాయి. దాంతో ఇంకో పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకుని ఏడు రూపాయలు చేతిలో ఉంచుకోవచ్చు. లేదా ఆ 23 మందికే పంచితే తలకి 1.41 కాస్తా 2.15 అవుతుంది, అంటే ఒక్కో స్థానంలో ఒక మెట్టు పైనున్న మనిషిని తెచ్చుకోవచ్చు.

ఈ 23 మంది గురించి ఇంకాస్త చెప్పాలి, నన్ను పట్టి కుదిపేది వీళ్ళ సంగతే. పైనున్న ఐదుగురు పేర్లు చొక్కాల మీద ఉంటాయి. కింద పాతికమంది కుర్రాళ్ళు, వాళ్ళకి ఇదే మొదటి అవకాశం. మధ్యలో ఉన్నవాళ్ళు ఐదారేళ్ళు ఆడి పని తెలిసినవాళ్ళు, ఇరవై ఆరు, ఇరవై ఎనిమిదేళ్ళ వయసు, పెళ్ళాం పిల్లలు ఉన్నవాళ్ళు. పైన ఒక పెద్ద కాంట్రాక్టు పడ్డప్పుడు ఎవరి జీతమూ తగ్గించరు. మధ్యలో ఒకడి కాంట్రాక్టు అయిపోతుంది, అతనికి మళ్ళీ ఇవ్వరు, అతని చోట్లో కనీస జీతం కుర్రాడు వస్తాడు. కనీస జీతంలో కూడా తేడా ఉంది. నాలుగు నుంచి ఆరేళ్ళు ఆడినవాడికి 2025లో కనీసం 11.7 లక్షలు ఇవ్వాలి, కొత్తవాడికి 8.4 చాలు. ఈ తేడా వల్లే పాతవాళ్ళని తీసేస్తున్నారని గమనించి, లీగ్ పాతవాళ్ళని ఒక్క ఏడాది కనీస జీతానికి తీసుకుంటే క్యాప్‌లో కొంత తగ్గించి లెక్కించే నియమం కూడా పెట్టింది. అంటే మధ్య వరుస నలిగిపోతోందని నియమాలు రాసేవాళ్ళకీ తెలుసు.

పెద్ద కాంట్రాక్టు దెబ్బ కనిపించేది కూడా అక్కడే. సెప్టెంబర్‌లో మొదటి పదకొండు మందిని చూస్తే ఏ జట్టైనా బాగానే ఉంటుంది. నవంబర్‌లో ఒకడి మోకాలు పోయినప్పుడు లోపలికి ఎవరు వస్తున్నారో చూడాలి.

## చవకగా దొరికే నాలుగేళ్ళు

మూడు రూపాయలకి క్వార్టర్‌బ్యాక్ ఎక్కడ దొరుకుతాడు? డ్రాఫ్ట్‌లో. కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్ళని జట్లు వరసగా ఎంచుకుంటాయి, వాళ్ళ జీతం ఎంచుకున్న స్థానాన్ని బట్టి ముందే ఖరారై ఉంటుంది, నాలుగేళ్ళ ఒప్పందం. మొదటి రౌండ్ వాళ్ళకి మాత్రం జట్టు ఇష్టపడితే అయిదో ఏడాది కూడా ఉంటుంది. మొదటి మూడేళ్ళలో కుర్రాడు ఎంత గొప్పవాడైపోయినా కొత్త ఒప్పందం అడగడానికి లేదు.

దీనికి శాన్ ఫ్రాన్సిస్కో కథని మించింది లేదు. బ్రాక్ పర్డీని 2022 డ్రాఫ్ట్‌లో 262వ పేరుగా, అందరికంటే ఆఖర్న తీసుకున్నారు. 2023 సీజన్‌లో అతని ఖర్చు 9 లక్షల డాలర్ల లోపే. క్వార్టర్‌బ్యాక్ స్థానంలో దాదాపు ఏమీ ఖర్చు లేకపోవడంతో చుట్టూ ఖరీదైన వాళ్ళని నిలబెట్టుకోగలిగారు, 2024 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఫైనల్ దాకా వెళ్ళి అదనపు సమయంలో ఓడిపోయారు. 2025 మేలో పర్డీకి అయిదేళ్ళకి 26.5 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చారు, ఏడాదికి సగటున 5.3 కోట్లు. ఆ వసంతంలోనే డీబో శామ్యూల్ వాషింగ్టన్‌కి వెళ్ళాడు, గ్రీన్‌లా, హుఫాంగా ఇద్దరూ డెన్వర్‌కి, చార్వేరియస్ వార్డ్ ఇండియానాపోలిస్‌కి, ఆరన్ బ్యాంక్స్ గ్రీన్ బేకి. ఒక్కొక్కరు వెళ్ళడానికి ఒక్కో కారణం ఉండొచ్చు. కానీ ఎవరికి ఇవ్వాలో ముందే అనుకున్నప్పుడు, ఎవరిని వదులుకోవాలో కూడా అనుకున్నట్టే.

## జీతం ఒకటి, పుస్తకంలో పడే అంకె ఇంకొకటి

ఇక్కణ్ణుంచి ఐపీఎల్ పోలిక పనికిరాదు. మా పట్టు వ్యాపారం పోలిక పనికొస్తుంది.

మంచి నేతగాణ్ణి నిలుపుకోవాలంటే యజమాని ముందే అడ్వాన్స్ ఇస్తాడు. యాభై వేలు ఇచ్చాడనుకోండి. ఆ యాభై వేలూ ఆ రోజే ఖర్చు కింద రాసుకోడు, పది చీరల మీద చీరకి అయిదు వేల చొప్పున వేసుకుంటాడు. నాలుగు చీరలు నేశాక ఆ మనిషి వేరే చోటికి వెళ్ళిపోయాడు. పుస్తకంలో ఇంకా ముప్పై వేలు నిలబడి ఉంది, ఎదురుగా చీరలు లేవు. దాన్ని ఒక్కసారిగా నష్టం కింద రాయాల్సిందే.

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సంతకం బోనస్ ఇదే. ఆటగాడికి డబ్బు మొదట్లోనే అందుతుంది, క్యాప్ లెక్కలో మాత్రం ఎక్కువలో ఎక్కువ అయిదేళ్ళకి సమానంగా పంచుతారు. 5 కోట్ల డాలర్ల బోనస్ అంటే ఏడాదికి కోటి. రెండేళ్ళు ఆడాక అతన్ని తీసేసినా, వేరే జట్టుకి ఇచ్చేసినా, మిగిలిన 3 కోట్లు పాత జట్టు లెక్కలోనే ఒక్కసారిగా పడతాయి. జూన్ 1 తర్వాత తీసేస్తే రెండేళ్ళకి విడగొట్టుకోవచ్చు, అంతవరకే వెసులుబాటు. మనిషి లేకుండా చోటు మాత్రం ఆక్రమించే ఈ అంకెని వాళ్ళు డెడ్ మనీ అంటారు.

దీని దెబ్బ డెన్వర్ బ్రాంకోస్‌ని అడగాలి. 2022లో క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ని తెచ్చుకుని, కొత్త జట్టు తరఫున ఒక్క ఆట కూడా ఆడకముందే 24.5 కోట్ల డాలర్లతో అయిదేళ్ళ పొడిగింపు ఇచ్చారు. ఆ పొడిగింపు మొదలవ్వాల్సింది 2024లో. ఆ మార్చిలోనే అతన్ని వదిలేశారు. 8.5 కోట్ల డెడ్ మనీ మీద పడింది, 2024 లెక్కలో దాదాపు 5.3 కోట్లు, 2025 లెక్కలో 3.2 కోట్లు. 2024 క్యాప్ 25.54 కోట్లు కాబట్టి ఐదో వంతు చోటు ఊళ్ళో లేని మనిషిది. విల్సన్ ఆ ఏడాది పిట్స్‌బర్గ్‌కి కనీస జీతం మీద ఆడాడు, ఎక్కువ భాగం జీతం డెన్వరే కడుతూ.

మరి డెన్వర్ మునిగిపోయిందా? లేదు. ఆ ఏడాదే డ్రాఫ్ట్‌లో పన్నెండో స్థానంలో బో నిక్స్ అనే కుర్రాణ్ణి తీసుకున్నారు, 10 గెలిచి 7 ఓడి, 2015 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్‌కి వెళ్ళారు. ఒకవైపు భారం పడితే ఇంకోవైపు చవక క్వార్టర్‌బ్యాక్ దాన్ని మోశాడు. ఈ రెండూ కలిపి చూడకపోతే ఆ కథ అర్థం కాదు.

## ముందే చీటీ పాడుకోవడం లాంటిది

ఇంకో మాట తరచూ వింటారు, కాంట్రాక్టు రీస్ట్రక్చర్ చేశారు అని. ఆటగాడి జీతం తగ్గించారని చాలామంది అనుకుంటారు. తగ్గించరు. ఈ ఏడాది రావాల్సిన 4 కోట్ల జీతంలో 3.5 కోట్లని బోనస్‌గా మార్చి ఇప్పుడే చేతికి ఇచ్చేస్తారు. ఆ మూడున్నర అయిదేళ్ళకి పంచితే ఏడాదికి 70 లక్షలు. కాబట్టి ఈ ఏడాది లెక్కలో పడేది మిగిలిన జీతం 50 లక్షలు, బోనస్ వాటా 70 లక్షలు, మొత్తం 1.2 కోట్లు. 2.8 కోట్ల చోటు ఖాళీ అయింది. వచ్చే నాలుగేళ్ళూ ఏడాదికి 70 లక్షలు అదనంగా మోయాలి. ఒప్పందంలో అన్నేళ్ళు లేకపోతే, అతను ఆడడని అందరికీ తెలిసిన ఉత్తుత్తి సంవత్సరాలు కొన్ని కాగితం మీద తగిలిస్తారు కూడా.

చీటీ వేసేవాళ్ళకి ఇది వెంటనే తెలుస్తుంది. పిల్ల పెళ్ళి ఉందని ముందే పాడుకుని డబ్బు తీసుకుంటాం, తర్వాత నెలనెలా కడుతూనే ఉంటాం. ఒక తేడా మాత్రం చాలా పెద్దది. చీటీ ముందే పాడితే తోపు, అంటే పాటలో వదులుకునే డబ్బు, పోతుంది. ఇక్కడ వడ్డీ లేదు, తోపు లేదు, పైగా క్యాప్ పెరుగుతోంది. 2021లో కోవిడ్ వల్ల క్యాప్ 18.25 కోట్లకి పడిపోయింది, ఆ ఏడాది 70 లక్షలు అంటే దాదాపు 3.8 శాతం. అదే 70 లక్షలు 2025లో రెండున్నర శాతం. వెనక్కి తోసిన అప్పు తనంతట తానే చిన్నదైంది.

కానీ ఆ 2021ని మర్చిపోకూడదు. క్యాప్ ఎప్పుడూ పెరుగుతుందని రాసి పెట్టిన కాగితాలు ఆ ఏడాది చాలామందిని ఇబ్బంది పెట్టాయి, ముందు ఏడాది అది 19.82 కోట్లు.

## క్యాప్ ఉత్తిదే అనేవాళ్ళ మాట, కాదనేవాళ్ళ మాట

అభిమానుల్లో రెండు పక్షాలున్నాయి, రెండింటిలోనూ నిజం ఉంది.

మొదటివాళ్ళు క్యాప్ అనేది వంక అంటారు. ఫిలడెల్ఫియాని చూపిస్తారు. క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌కి 2023లో ఏడాదికి సగటున 5.1 కోట్ల ఒప్పందం ఇచ్చారు, 2024 క్యాప్ లెక్కలో అతని అంకె కోటిన్నర లోపే ఉండేలా రాసుకున్నారు, ఆ సీజన్ కప్పు కొట్టారు, 2025 ఫిబ్రవరిలో కాన్సస్ సిటీని 40-22తో ఓడించి. ఇష్టం ఉంటే దారి ఉంటుందని వీళ్ళ వాదన. ఫిలడెల్ఫియాలో ఇంకోటి కూడా ఉంది. వాళ్ళు ధర పెరగకముందే, అందరికంటే ముందు సంతకాలు పెట్టించుకుంటారు. రెండేళ్ళు ఆలస్యం చేసి అదే మనిషికి ఎక్కువ ఇచ్చే జట్టు, భారాన్ని వచ్చే ఏళ్ళకి తోయడంలో ఎంత తెలివి చూపించినా, మొదట్లో పోగొట్టుకున్నది వెనక్కి తెచ్చుకోలేదు.

రెండోవాళ్ళు న్యూ ఆర్లీన్స్‌ని చూపిస్తారు. ఏళ్ళ తరబడి తోస్తూ పోయారు, డ్రూ బ్రీస్ ఉన్నంతకాలం దానికి అర్థం ఉంది, అతను రిటైరయ్యాక పెద్ద గెలుపులు లేవు, బిల్లులు మాత్రం వస్తూనే ఉన్నాయి. క్లీవ్‌లాండ్‌నీ చూపిస్తారు. 2022లో డెషాన్ వాట్సన్ కోసం మూడు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ స్థానాలు ఇచ్చి, అతనికి పైసా వదలకుండా గ్యారంటీతో 23 కోట్లు రాసిచ్చారు. మొదటి మూడు సీజన్లలో అతను ఆడింది 19 ఆటలు. డబ్బుతోబాటు చవక కుర్రాళ్ళని తెచ్చుకునే అవకాశమూ ఇచ్చేశారు, అందుకే అది అంత లోతుగా దిగింది.

నాకు ఈ రెంటికంటే కాన్సస్ సిటీ ఎక్కువ చెబుతుందనిపిస్తుంది. ప్యాట్రిక్ మహోమ్స్‌కి 2020లో పదేళ్ళకి 45 కోట్ల డాలర్ల ఒప్పందం, బోనస్‌లన్నీ కలిస్తే 50 కోట్లు దాటుతుంది. 2022 మార్చిలో అతని దగ్గర బంతి అందుకునే మెరుపు ఆటగాడు టైరీక్ హిల్ పెద్ద జీతం అడిగితే, అతన్ని మయామీకి ఇచ్చి అయిదు డ్రాఫ్ట్ స్థానాలు తెచ్చుకున్నారు. మయామీ అతనికి నాలుగేళ్ళకి 12 కోట్ల పొడిగింపు ఇచ్చింది. కాన్సస్ సిటీ ఆ స్థానాలతో ట్రెంట్ మెక్‌డఫీలాంటి చవక కుర్రాళ్ళని కట్టుకుంది, వరసగా రెండు సూపర్ బౌల్స్ గెలిచింది. అంతకుముందు కప్పు గెలిచిన ఏ క్వార్టర్‌బ్యాకూ ఆ ఏడాది క్యాప్‌లో సుమారు 13 శాతం దాటలేదు, 1994 సీజన్ స్టీవ్ యంగ్‌దే పై అంకె. 2022 సీజన్‌లో మహోమ్స్ 17 శాతంతో గెలిచాడు. ఒక పెద్ద కాంట్రాక్టు జట్టుని కూల్చదు. ఒకటి ఉండగా రెండోదానికి వద్దు అనగలిగారా లేదా, వద్దన్నాక ఆ చోట్లో ఎవరిని పెట్టారు, అదే తేల్చింది. మహోమ్స్‌లాంటివాడు అందరికీ దొరకడు అని ఎవరైనా అంటే అదీ ఒప్పుకోవాల్సిందే.

## ఆటగాడి వైపు నుంచి చూస్తే

అంత జీతం ఎందుకు అడగాలి, కొంచెం తగ్గించుకుంటే స్నేహితులు ఉంటారు కదా అని అభిమానులు అంటుంటారు. నేను దీనితో ఏకీభవించలేను. ఈ ఆటలో సగటు ఆటగాడి కెరీర్ నాలుగేళ్ళు కూడా నిలవదు. ఒప్పందం మీద రాసిన మొత్తం అంతా వస్తుందన్న భరోసా లేదు, గ్యారంటీ అని రాసిన భాగమే నిజమైన డబ్బు, మిగతాది జట్టుకి ఇష్టం ఉన్నన్నాళ్ళే. మొదటి మూడేళ్ళు ఎంత బాగా ఆడినా కొత్త ఒప్పందం దొరకదు. కాబట్టి చాలామందికి బేరమాడే అవకాశం జీవితంలో ఒక్కసారి వస్తుంది. పార్సన్స్‌నే చూడండి, గ్రీన్ బేకి వెళ్ళిన మొదటి సీజన్‌లోనే, డిసెంబర్‌లో డెన్వర్‌తో ఆటలో మోకాలి లిగమెంట్ తెగింది. గ్యారంటీ లేకుండా ఆడుతూ ఉన్నప్పుడు అదే దెబ్బ తగిలుంటే?

అతను వదులుకునే డబ్బు మధ్య వరుస వాళ్ళకి వెళ్తుందన్న హామీ కూడా ఎక్కడా లేదు. చోటు మిగిలితే ఎవరికి ఇవ్వాలో జట్టు నిర్ణయిస్తుంది, ఆటగాడు కాదు.

## పార్సన్స్ దగ్గరికి తిరిగి వస్తే

ఇప్పుడు డల్లాస్ పుస్తకం తెరుద్దాం. 2024లో క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కి ఏడాదికి 6 కోట్లు, బంతి అందుకునే సీడీ లాంబ్‌కి 3.4 కోట్లు ఇచ్చారు. గ్రీన్ బే పార్సన్స్‌కి ఇచ్చింది నాలుగేళ్ళకి 18.8 కోట్లు, అంటే ఏడాదికి 4.7, క్వార్టర్‌బ్యాక్ కానివాళ్ళలో అప్పటికి అదే ఎక్కువ. డల్లాస్ అదే ఇచ్చి ఉంటే ముగ్గురికి 14.1 కోట్లు. 27.92 కోట్ల క్యాప్‌లో సగం పైన. యాభై ముగ్గురిలో ముగ్గురు.

ఇది విని మా తమ్ముడు సరే అర్థమైంది అన్నాడు. అక్కడ ఆగితే తప్పు చెప్పినవాణ్ణి అవుతాను. ఆ 14.1 సగటు జీతాల కూడిక, క్యాప్‌లో పడే అంకె కాదు. గ్రీన్ బే పార్సన్స్ ఒప్పందాన్ని మొదటి ఏడాది కోటి డాలర్ల దగ్గర్లోనే పడేలా రాసింది, వాళ్ళకీ క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ లవ్‌కి ఏడాదికి 5.5 కోట్ల ఒప్పందం ఉంది. డల్లాస్ కూడా ఆ మార్చిలోనే ప్రెస్కాట్, లాంబ్ కాంట్రాక్టులు రెండూ తిరగరాసి 5 కోట్లకి పైగా చోటు తీసింది. కాబట్టి 2025లో చోటు లేక పంపేశారన్నది నిలబడదు. జోన్స్‌కీ పార్సన్స్ ఏజెంట్‌కీ మధ్య బేరం చెడింది, పార్సన్స్ తనని వేరే జట్టుకి పంపమని బహిరంగంగానే అడిగాడు. అవతలివాళ్ళు బంతి పట్టుకుని పరుగెత్తితే ఆపడం తమకి పెద్ద సమస్యని, అందుకే పార్సన్స్‌కి బదులు గ్రీన్ బే నుంచి కెన్నీ క్లార్క్‌ని తెచ్చుకున్నామని జోన్స్ చెప్పుకున్నాడు. రెండు మొదటి రౌండ్ స్థానాలు కూడా వచ్చాయి. ఆ నవంబర్‌లో 2027 మొదటి రౌండ్ స్థానం ఒకటి, ఇంకొన్ని కలిపి ఇచ్చి న్యూయార్క్ జెట్స్ నుంచి అదే పని చేసే క్విన్నెన్ విలియమ్స్‌ని తెచ్చుకున్నారు.

అయితే ముగ్గురిలో పార్సన్సే ఎందుకు వెళ్ళాడు? ఇదే నాకు ఎక్కువ ఆసక్తిగా అనిపించింది, ఖాతాలు రాసేవాళ్ళ కంటికి ఇది వెంటనే ఆనుతుంది. అతను 2021లో పన్నెండో స్థానంలో వచ్చినవాడు, ఆ డ్రాఫ్ట్ ఒప్పందం బోనస్ నాలుగేళ్ళలో పూర్తిగా పంచేశారు. 2025 అయిదో ఏడాది, 2.4 కోట్ల జీతం, దాని వెనక పాత అడ్వాన్స్ ఏమీ నిలబడి లేదు. అతన్ని పంపేస్తే డల్లాస్ పుస్తకంలో డెడ్ మనీ దాదాపు ఏమీ పడదు, ఆ 2.4 కోట్లూ ఖాళీ అవుతాయి. ప్రెస్కాట్‌నో లాంబ్‌నో పంపాలంటే పేరుకున్న బోనస్ అంతా ఒక్కసారి మీద పడుతుంది. ముందు సంతకం పెట్టిన ఇద్దరూ కదలలేరు. మిగిలినవాడు ఒక్కడే.

రెండు వారాల తర్వాత ఆదివారం మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి పిల్లాడే మాట్లాడాడు. వాళ్ళ నాన్న 88 నంబరు లాంబ్ చొక్కా కొన్నాడట, వేసుకోవాలంటే భయంగా ఉందట.

"పెదనాన్నా, లాంబ్‌ని కూడా ఇచ్చేస్తారా?"

అతని ఒప్పందం 2028 దాకా ఉందని చెప్పాను. మార్చిలో తిరగరాసినప్పుడు దాదాపు 2 కోట్ల భారాన్ని రాబోయే ఏళ్ళలోకి తోశారని, అతన్ని ఇప్పుడు పంపేస్తే అదంతా, దాంతోపాటు మొదటి బోనస్‌లో మిగిలినదంతా, జట్టు మీద ఒక్కసారి పడుతుందని, అందుకని ఈ ఏడాది, వచ్చే ఏడాది అతన్ని కదపడం వాళ్ళకే నష్టమని వాడి భాషలో చెప్పడానికి ప్రయత్నించాను. ఆ తర్వాత ఏళ్ళలో బోనస్ వాటా తగ్గుతూ వస్తుంది, మళ్ళీ తిరగరాశారని వార్త వస్తే గడువు ఇంకొంచెం పెరిగినట్టు అనుకోమన్నాను.

"అయితే వేసుకోవచ్చా?" అన్నాడు.

వేసుకో నాన్నా అన్నాను.